కోత మిల్లు బండి: అరుగుదల, మరమ్మతు

ఇంటి ద్వారబంధము, ఎద్దుబండి చక్రము, పొలములోని గుంటక, బడిలోని బల్ల - ఇవి యన్నియు ఒకనాడు చెట్లుగా నిలిచినవే. చెట్టునకును బల్లకును నడుమ కోత మిల్లు కలదు. మన దేవదుర్గ వంటి తాలూకా పట్టణములకు పల్లెల నుండి రైతులు వేప దుంగలను, తుమ్మ మొద్దులను తెచ్చి, తమకు కావలసిన కొలతలకు కోయించుకొని పోవుదురు. మిల్లులో నడుగు పెట్టిన వాని కన్ను మొదట రంపముపై పడును. అది మెరయును, అరచును, పొట్టు చిమ్మును. దాని ప్రక్కనే పట్టాలపై ముందునకును వెనుకకును మెల్లగా నడచు బండిని ఎవరును అంతగా గమనింపరు. కాని పలక తిన్నగా వచ్చుటయు, వంకర పోవుటయు చాలవరకు ఆ బండిపైననే ఆధారపడి యున్నవి.

ఆ బండి భాగములు అరిగినవని తెలిసికొనుట ఎట్లు, వానిని బాగుచేయుట ఎట్లు, బాగుచేయుట మాని మార్చివేయవలసిన దెప్పుడు అను విషయములను ఈ వ్యాసమున వివరింతును. వడ్రంగుల ఇండ్లలోను, మిల్లు కార్మికుల ఇండ్లలోను ఈ విషయము క్రొత్తది కాదు. అయినను చేతికి తెలిసిన పనిని మాటలలో పెట్టినప్పుడే అది తరువాతి వారికి అందును. తక్కిన విద్యార్థులకు తరగతిలో చదివిన జ్యామితి ఎచ్చట పనికివచ్చునో దీనివలన కనబడును.

బండి నిర్మాణము

మిల్లులో దీనిని ‘ట్రాలీ’ యనియు, ‘బండి’ యనియు పిలుతురు. దుంగను మోసికొని రంపము నొద్దకు పోవుట దీని పని. రంపము తన చోటనే తిరుగుచుండును, నడచునది దుంగ. చిన్న మిల్లులలో ఇద్దరు మనుష్యులు బండిని చేతులతో నెట్టుదురు. పెద్దవానిలో ఇనుప త్రాడు డ్రమ్ముపై చుట్టుకొనుచు బండిని లాగును. పూర్వము ఆవిరితో నడచిన మిల్లులలో పొడవైన సిలిండరులోని పిస్టను బండిని త్రోసెడిది.

ఎట్టి బండికైనను ముఖ్యమైన భాగములు ఐదు. మొదటిది, నేలపై పరచిన రెండు పట్టాలు. రెండవది, వానిపై దొరలు చక్రములు. సామాన్యముగా ఒక ప్రక్క చక్రములకు నడుమ గాడి యుండును. అవి పట్టాను పట్టుకొని దారి తప్పక నడచును. రెండవ ప్రక్క చక్రములు చదునుగా నుండును. అవి బరువును మాత్రము మోయును. రెండు ప్రక్కలను గాడియే యున్నచో, పట్టాల నడుమ దూరము ఇంచుక మారినను బండి బిగిసిపోవును. మూడవది, ఇరుసులును అవి తిరుగు బుష్షులును. నాలుగవది, ఇనుముతోనో కఱ్ఱతోనో చేసిన చట్రము. ఐదవది, చట్రముపై నిలిచి దుంగకు వీపు నానించు నిలువు దిమ్మెలును, దుంగను గ్రుచ్చి పట్టుకొను కొక్కెములును. పలకకు ఎంత మందము కావలెనో అంత దూరము ఈ దిమ్మెలు దుంగను రంపము వైపు జరుపును.

ఈ ఐదింటిలో ఏది వదులైనను ఫలము పలకపై కనబడును.

ఒక పలక నష్టము

నష్టమెంతయో లెక్క వేసి చూతము. 280 మి.మీ. వెడల్పు గల దుంగ నుండి 25 మి.మీ. మందపు పలకలు కోయవలెననుకొనుడు. రంపము ప్రతి కోతలోను 3 మి.మీ. కఱ్ఱను పొట్టు చేయును. కావున ఒక్కొక్క పలకకు 28 మి.మీ. కావలెను, దుంగ నుండి 10 పలకలు వచ్చును. బండి 3 మి.మీ. మేర ఊగుచున్నచో, పలక ఎచ్చటను 25 మి.మీ. కంటె పలుచబడకుండుటకై కోతగాడు 28 మి.మీ. మందమున కోయవలసి వచ్చును. అప్పుడు ఒక్కొక్క పలకకు 31 మి.మీ. ఖర్చగును, 9 పలకలే వచ్చును. ఎక్కువైన కఱ్ఱ వడ్రంగి చిత్రిక క్రింద రాలిపోవును.

పది పలకలకు ఒక పలక! చెట్టు నలువది ఏండ్లు పెరిగిన దనుకొన్నచో అందు నాలుగేండ్ల పెరుగుదల ఒక వదులు ఇరుసు పాలైన దన్నమాట. ఈ నష్టమును మిల్లు యజమాని చూడడు, ఏలయన అతడు కోత కూలి తీసికొనును. దుంగ తెచ్చిన రైతు చూడడు, ఏలయన అతనికి లెక్క తెలియదు. తెలిసినచో అడుగగలడు.

పలక చెప్పు సాక్ష్యము

వైద్యుడు నాడి చూచినట్లు మంచి మిస్త్రీ పలకను చూచును. ఒక్కొక్క అరుగుదల పలకపై ఒక్కొక్క గుర్తును విడిచిపెట్టును. కోసిన పలకలను కోసిన క్రమముననే ఒకదానిపై నొకటి పేర్చి, కొనలు సరిచేసి చూడవలెను.

వంకర ప్రతి పలకలోను ఒకే చోట కనబడినచో దోషము పట్టాలది. పట్టా ఎచ్చట క్రుంగినదో అచ్చటికి వచ్చినప్పుడెల్ల బండి ఒరుగును గదా.

వంకర ఒక్కొక్క పలకలో ఒక్కొక్క చోట నున్నచో పట్టాలను నిందింపరాదు. అది వదులు యొక్క గుర్తు. ఇరుసు ప్రక్కలకు కదలుచుండవచ్చును, లేక కొక్కెములు దుంగను గట్టిగా పట్టకుండవచ్చును.

అల వంటి వంకర సమానమైన ఎడముతో మరల మరల వచ్చుచున్నచో ఆ ఎడమును కొలువవలెను. 200 మి.మీ. వ్యాసము గల చక్రము ఒక్క చుట్టు తిరిగినప్పుడు సుమారు 628 మి.మీ. నడచును. అలల నడుమ దూరము కూడ 628 మి.మీ. అయినచో చక్రము గుండ్రదనము కోల్పోయినదని తెలిసికొనవచ్చును. వృత్తపరిధి సూత్రము పరీక్షకే గాక మిల్లునకును పనికివచ్చును.

పలక ఒక కొన లావుగను, ఒక కొన సన్నముగను వచ్చినచో దిమ్మెలు రెండును సమముగా జరుగుటలేదు. దూలపు మూలలు మూలమట్టమునకు సరిపోకున్నచో దిమ్మె నిలువునకు నిలువలేదు, ఒరిగినది.

తప్పు రంపముదా, బండిదా?

రంపము మొద్దుబారినను, దాని పండ్ల వంపు ఒక వైపు ఎక్కువైనను పలక వంకర పోవును. కావున ఒక్క భాగమునైనను విప్పకముందే తప్పు ఎవరిదో తేల్చుకొనవలెను. ఇందులకు సులభమైన పరీక్ష ఒకటి కలదు.

రంపము నాపి, విద్యుత్తును మెయిను వద్దనే తీసివేయవలెను. బండిపై దుంగ యుండవలసిన చోట, చిత్రిక పట్టిన తిన్నని దూలము నొకదానిని దిమ్మెలకు ఆనించి బిగింపవలెను. రంపము నొద్ద కదలని స్తంభమునకు ఒక మేకును కట్టవలెను. దాని మొన దూలమునకు వ్రేలెడు దూరమున నుండవలెను. తరువాత బండిని మెల్లగా నెట్టుచు, జానెడు జానెడు దూరమున ఆగి, మొనకును దూలమునకును గల ఎడమును కొలిచి కాగితముపై వ్రాసికొనవలెను. ఆ అంకెలతో గ్రాఫు గీసినచో ఇంకను మంచిది.

గ్రాఫు తిన్నని గీతగా వచ్చినచో, అది ఏటవాలుగా నున్నను భయము లేదు; దూలమును ఇంచుక వాలుగా బిగించితిమని మాత్రమే యర్థము. గీత పైకి క్రిందికి ఊగుచున్నచో బండిది తప్పు. గీత తిన్నగా నుండియు పలక వంకర పోవుచున్నచో రంపము వైపు చూడవలెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు. పరీక్ష చేయక, ఊహ చేసి చక్రములు మార్చినచో ఖర్చునకు ఖర్చు, వంకరకు వంకర రెండును మిగులును.

మరమ్మతునకు క్రమము

మరమ్మతు క్రింది నుండి పైకి సాగవలెను. మొదట పట్టాలు, తరువాత చక్రములు, ఆపై ఇరుసులు, చట్రము, చివరకు దిమ్మెలును కొక్కెములును. పైనున్న ప్రతి భాగమును క్రింది దానిని బట్టియే కొలుతుము గనుక, పునాది సరికాక గోడ సరి కాదు.

పట్టాలు: కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన రాయచూరు దోఆబులో నల్లరేగడి నేలలు విస్తారముగా కలవు. రేగడి వానలో ఉబ్బును, ఎండలో బీటలు వారి కుంచించును. అట్టి నేలపై పరచిన పట్టాలు వేసవిలో మట్టముగా నున్నను వానలు వెలిసిన పిదప మట్టము తప్పును. కావున ఏటికి రెండు మారులు, వానలకు ముందును తరువాతను, వీనిని చూడవలెను. పట్టా పొడవునను సన్నని ఉక్కు తీగను బిగించి లాగి ప్రక్క వంకరను కనిపెట్టవచ్చును. అడ్డముగా బద్ద వేసి రసమట్టము నుంచి ఎత్తు తేడాను తెలిసికొనవచ్చును.

ఎత్తు తేడా ఎంత చెరుపు చేయునో చూడుడు. పట్టాల నడుమ దూరము 900 మి.మీ. అనుకొందము. ఒక పట్టా 3 మి.మీ. క్రుంగినది. అనగా 300 మి.మీ.కు 1 మి.మీ. వాలు. చట్రముపై 450 మి.మీ. ఎత్తున నున్న దుంగ తల ఆ లెక్కన 1.5 మి.మీ. ప్రక్కకు ఒరుగును. క్రింద మూడు, పైన ఒకటిన్నర. సరూప త్రిభుజముల పాఠము చదివిన విద్యార్థి ఈ లెక్కను తానే చేయగలడు.

కుళ్ళిన స్లీపర్లను తీసివేసి, రేగడిని లోతుగా త్రవ్వి, మొరము నింపి దిమ్మిస చేసి, అవసరమైనచో కాంక్రీటు పోసి పట్టాను మరల బిగింపవలెను. పట్టా క్రింద ఇనుప రేకు పెట్టి ఎత్తు సరిచేయుట తాత్కాలికమైన ఉపాయమే. పునాది మెత్తగా నున్నంతకాలము రేకులపై రేకులు పెట్టవలసి వచ్చును. పట్టాలకు నూనె పూయరాదు. నూనెపై పొట్టు అంటుకొని గట్టిపడి, చక్రమునకు చిన్న చిన్న గుట్టలవలె అడ్డువచ్చును. పట్టాలు పొడిగా నుండవలెను. ప్రతి చక్రమునకు ముందు పట్టాను తుడుచునట్లు తోలు ముక్కను వ్రేలాడగట్టుట మంచిది.

చక్రములు: నాలుగు చక్రముల వ్యాసములను కొలువవలెను. వ్యాసము 4 మి.మీ. తగ్గినచో ఇరుసు 2 మి.మీ. క్రుంగును. ఒక్క చక్రము మిక్కిలి అరిగినదని దానినొక్కదానినే మార్చి క్రొత్తది వేయుట తరచుగా జరుగు పొరపాటు. క్రొత్త చక్రము ఎత్తుగా నుండుటచే బండి కాళ్ళు సమముగా లేని నాలుగు కాళ్ళ పీటవలె ఊగును. మార్చినచో నాలుగింటిని మార్చవలెను. లేనిచో నాలుగింటిని లేతుపై పెట్టి అన్నిటికంటె చిన్నదాని కొలతకు తెగ గోయవలెను. గాడి గల చక్రములను కోయునప్పుడు గాడి లోతు నుండి కొలువవలెను. బరువును మోయునది గాడియే గదా.

పాత చక్రములు సామాన్యముగా పోత ఇనుముతో చేసినవి. పోత ఇనుము బరువును మోయును గాని వంగదు, విరుగును. అందు బొగ్గుపాలు ఎక్కువ గనుక వెల్డింగు చేసి చల్లార్చునప్పుడు క్రొత్త పగుళ్ళు పుట్టు ప్రమాదము కలదు. చక్రమును త్రాటితో వ్రేలాడగట్టి చిన్న సుత్తితో కొట్టి చూడవలెను. గంట వలె మ్రోగినచో మేలు. పగిలిన కుండవలె పలికినచో పగులు కలదు. ఆ పగులు ఎచ్చటనో తెలియుటకు కిరసనాయిలు పూసి, కొంతసేపటికి శుభ్రముగా తుడిచి, సుద్ద పొడి చల్లవలెను. పగులులో దాగిన నూనె సుద్దలోనికి ఊరి సన్నని గీతగా కనబడును. పగిలిన చక్రమును బాగుచేయరాదు, మార్చవలెను.

అట్టి చక్రము అంగడిలో దొరకనప్పుడు పోత పోయింపవలసి వచ్చును. మన రాష్ట్రమున బెళగావి పోత కార్ఖానాలకు ప్రసిద్ధి కెక్కినది. పోతకు మొదట కఱ్ఱతో అచ్చు నమూనా చేయవలెను. ఇది వడ్రంగి పని. కరగిన ఇనుము చల్లారునప్పుడు సుమారు నూటికి ఒక వంతు కుంచించును. కావున 200 మి.మీ. చక్రమునకు నమూనా 202 మి.మీ. ఉండవలెను, లేతుపై కోయుటకు మరికొంత చేర్చవలెను. ఈ శ్రమ యెందుకని అరిగిన పాత చక్రమునే నమూనాగా ఇచ్చినచో, దాని అరుగుదలతో పాటు క్రొత్త కుంచింపును కలిసి చిన్న చక్రము చేతికి వచ్చును.

ఇరుసులు, బుష్షులు: ఎద్దుబండి నడిపిన వారికి ఈ విషయము చెప్పనక్కరలేదు. కందెన వేయని బండి ముందు అరచును, తరువాత అరుగును, చివరకు ఆగును. మిల్లు బండిలో ఉక్కు ఇరుసు కంచు జాతికి చెందిన మెత్తని లోహపు బుష్షులో తిరుగును. మెత్తని దానిని ఏల పెట్టిరి? అగ్గువ వస్తువు అరిగి విలువైన వస్తువును కాపాడవలెనని. బుష్షు అరిగినచో మార్చుట సులభము; ఇరుసు అరిగినచో ఖర్చు పెక్కు రెట్లు.

ఇరుసునకును బుష్షునకును నడుమ నూనె నిలుచుటకు కొంచెము సందు కావలెను. ఇరుసు వ్యాసములో వేయింట ఒక వంతు నుండి రెండు వంతుల వరకు అని లెక్క. 40 మి.మీ. ఇరుసునకు 0.04 నుండి 0.08 మి.మీ. మన నోటుపుస్తకపు కాగితము మందము సుమారు 0.1 మి.మీ. కావున కాగితపు ముక్క ఆ సందులో ధారాళముగా దూరినచో బుష్షును మార్చు కాలము వచ్చిన దన్నమాట. పైకి క్రిందికి కదలుటకంటె ఇరుసు ప్రక్కలకు కదలుట ఎక్కువ చెరుపు. ఏలయన రంపము కోయునది ప్రక్కనుండియే. గడ్డపారతో బండిని మెల్లగా ప్రక్కకు నొక్కి, మేకు మొన నొద్ద ఎడము ఎంత మారినదో చూచి దీనిని తెలిసికొనవచ్చును.

ఇరుసు స్వల్పముగా అరిగినచో లేతుపై నునుపు చేసి, దానికి తగిన చిన్న రంధ్రము గల బుష్షు వేయవచ్చును. ఎక్కువ అరిగినచో వెల్డింగుతో లోహము నింపి మరల కోయింపవచ్చును. గీతలు లోతుగా పడినను, వంగినను క్రొత్త ఇరుసే మేలు. ఇప్పటి బాల్ బేరింగులు వేయుట కూడ కలదు. అవి తేలికగా తిరుగును గాని, సన్నని పొట్టు లోపలికి పోకుండ మూత లేనిచో త్వరలోనే పాడగును.

చట్రము: ఇరుసులు బిగించిన పిమ్మట చట్రము దీర్ఘచతురస్రముగా నున్నదో లేదో చూడవలెను. ఎదురెదురు భుజములు సమానమైనను చాలదు. సమాంతర చతుర్భుజమునకును ఎదురు భుజములు సమానమే గదా. కర్ణములు రెండును సమానము కావలెను. త్రాటితో రెండు కర్ణములను కొలిచినచో నిమిషములో తేలిపోవును. ఇరుసులు సమాంతరముగా లేని బండి చక్రములను క్రొత్తవైనను కొలది కాలములోనే తినివేయును.

దిమ్మెలు, కొక్కెములు: దిమ్మెలను జరుపు పండ్ల బద్దయు, పండ్ల చక్రమును అరిగినచో ముందునకు త్రిప్పునప్పుడును వెనుకకు త్రిప్పునప్పుడును నడుమ ఖాళీ ఏర్పడును. మార్చునంతవరకు, ఎల్లప్పుడు ఒకే వైపు నుండి త్రిప్పి కొలతకు వచ్చుట వలన ఆ తప్పును తగ్గింపవచ్చును. పండ్ల చక్రమును బద్దను జంటగా మార్చుట మేలు. అరిగిన బద్ద క్రొత్త చక్రమును కూడ త్వరగా అరుగదీయును. కొక్కెముల మొనలను సానబట్టి వాడిగా నుంచవలెను. వంగిన కొక్కెమును కొట్టి తిన్నజేసి మరల వాడుట కంటె మార్చుట క్షేమము. ఏలయన 40 సెం.మీ. అడ్డకొలతయు 3 మీటర్ల పొడవును గల పచ్చి దుంగ 300 కిలోల బరువునకు మించవచ్చును. దానిని పట్టుకొని యుండునది ఈ చిన్న కొక్కెములే.

మాటలలోని చిక్కు

మన పట్టణమున ఒకే యంత్రపు భాగమును నాలుగు భాషలలో పిలుతురు. 1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములో నుండెను. ఆ కాలపు ఉర్దూ మాటలు కార్ఖానా, మిస్త్రీ, పుర్జా, మరమ్మతు నేటికిని వాడుకలో నున్నవి. వానికి కన్నడమును, తెలుగును, ఇంగ్లీషును తోడైనవి. ఇది సంపదయే, కాని జాగ్రత్త కావలెను.

కన్నడ మిస్త్రీ ‘గాలి’ యన్నచో మన పిల్లవాడు వాయువు ననుకొనును. కన్నడమున ‘గాలి’ యనగా చక్రము. మన తెలుగున బండి చక్రమునకు గల ‘గాను’ అను పాత మాట దానికి చుట్టమే. కన్నడమున ‘మర’ యనగా చెట్టు, కఱ్ఱ. తెలుగున ‘మర’ యనగా యంత్రము, మరమేకు చుట్లు. కన్నడమున ‘అచ్చు’నకు ఇరుసు అను అర్థము కూడ కలదు, తెలుగున అది పోతపోయు మూస, లేక అక్షరమాలలోని స్వరము. ‘అచ్చు తెమ్ము’ అన్న మాటకు ఒకడు ఇరుసును, మరియొకడు మూసను తెచ్చినచో సగము దినము వృథా. అంగడికి పోవునప్పుడు భాగము పేరు మాత్రమే గాక దాని బొమ్మను, కొలతలను కాగితముపై వ్రాసికొని పోవుట ఉత్తమము. బొమ్మకును అంకెకును భాషాభేదము లేదు. రెండు భాషలు నేర్చిన మన విద్యార్థి ఇట్టి చోట నలుగురికి దుబాసి కాగలడు. మాతృభాషను బాగుగ నేర్చినవాడు పొరుగు భాషలోని మాటను ఇంకను బాగుగ పట్టుకొనును.

పాత బండిని ఏల నిలుపుకొనవలెను?

క్రొత్త మిల్లు పెట్టుకొనరాదా యని కొందరు అడుగవచ్చును. అది అంత సులభము కాదు. గోదావర్మన్ తిరుముల్‌పాడ్ అను వారి వ్యాజ్యములో సుప్రీం కోర్టు 1996 డిసెంబరు 12న అడవుల రక్షణకై ముఖ్యమైన ఉత్తర్వు నిచ్చెను. అదే వ్యాజ్యములో 2002 అక్టోబరులో, లైసెన్సు లేని కోత మిల్లులను వెంటనే మూయవలెననియు, కేంద్ర సాధికార సమితి ముందస్తు అనుమతి లేక రాష్ట్రములు క్రొత్త మిల్లులను తెరువనీయరాదనియు ఆజ్ఞాపించెను. అడవి మిగులవలెనన్న ఇట్టి కట్టుబాటు అవసరమే. దాని ఫలముగా లైసెన్సు గల పాత మిల్లునకు విలువ పెరిగినది. దానితో పాటు దానిని సరిగా నడుపవలసిన బాధ్యతయు పెరిగినది. చెట్లు తక్కువైనప్పుడు, కోసిన ప్రతి చెట్టు నుండి పూర్తి ఫలము పొందుట ధర్మము.

పాత మిల్లును కాపాడుకొనుట మన ప్రాంతమునకే పరిమితము కాదు. అండమాన్ దీవులలో, పోర్ట్ బ్లెయిర్ పట్టణమునకు వంతెనతో కలుపబడిన చిన్న చాథమ్ దీవిపై 1883లో స్థాపింపబడిన ప్రభుత్వ కోత మిల్లు కలదు. (ఆ పట్టణమునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చబడినది.) పాదౌక్, గర్జన్ మొదలగు అండమాన్ దుంగలు అచ్చట కోయబడినవి. 1942లో బాంబు దాడికి గురియైనను ఆ మిల్లు అంతరింపలేదు. నాటి బాంబు చేసిన గోతిని నేటికిని సందర్శకులకు చూపుదురు. ఆ దీవులలో శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వలసపోయిన తెలుగువారు అనేకులు కలరు. 2011 జనాభా లెక్కలలో అచ్చటి వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. మనవలెనే వారును అన్యభాషల నడుమ తమ భాషను నిలుపుకొనుచున్నారు.

చేయి, ప్రాణము

పైన చెప్పినది పలకను గూర్చి. అంతకంటె ముఖ్యమైనది మనిషిని గూర్చి. వదులైన కొక్కెము నుండి దొర్లిన దుంగ బండిని నెట్టువాని కాలిపై పడును. పట్టా తప్పిన బండి రంపమును తాకి, తెగిన రంపపు పట్టీ కొరడావలె ఎగురును. అరిగిన భాగమును మార్చుట వాయిదా వేయు యజమాని పొదుపు చేయుచున్నది ఇనుమును మాత్రమే.

మరమ్మతు సమయమున పాటింపవలసిన నియమములు ఇవి. మెయిను తీసి, ఫ్యూజును విప్పి, పెట్టెకు తాళము వేసి, తాళపుచెవిని బండి క్రింద పనిచేయువాడే తన యొద్ద నుంచుకొనవలెను. జాకీతో ఎత్తిన బండి క్రిందికి పోవుటకు ముందు గట్టి కఱ్ఱ దిమ్మెలను ఆధారముగా పెట్టవలెను. జాకీని మాత్రమే నమ్మరాదు. వదులు లుంగీ, మెడలోని తువాలు, చేతి దారములు యంత్రము నొద్దకు రారాదు. విప్పిన ప్రతి కాపు రేకును మరల బిగించిన తరువాతనే యంత్రమును నడుపవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము కదలు యంత్ర భాగములకు కాపు వేయవలెనని విధించెను. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఫ్యాక్టరీలలో పనికి పెట్టరాదనెను. బాల కార్మిక చట్టమునకు 2016లో వచ్చిన సవరణ పదునెనిమిదేండ్లు నిండని వారిని ప్రమాదకరమైన వృత్తులలో పెట్టుటను నిషేధించినది.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. సెలవులలో కుఱ్ఱవానిని మిల్లులో సాయమునకు పంపుట మన వైపున పలువురకు అలవాటు. దయచేసి పంపవద్దు. ఈ పనిపై పిల్లవానికి ఆసక్తి యున్నచో పదవ తరగతి పూర్తి కానీయుడు. ఆ తరువాత ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, టర్నరు శిక్షణ రెండేండ్లు, వెల్డరు శిక్షణ ఒక ఏడు కలదు. అచ్చట ఇరుసును కోయుటయు, చక్రమును సరిచేయుటయు వ్రేళ్ళు పోగొట్టుకొనకుండ నేర్చుకొనవచ్చును.

మరియొక మాట. ఇంటికి పలకలు కోయించుకొనునప్పుడు ఒక మూలమట్టమును, కొలబద్దను వెంట తీసికొనిపొండు. పలక రెండు కొనలను, నడుమను కొలువుడు. మందములో తేడా ఉన్నచో మిల్లువానితో కలహింపక, ‘అయ్యా, బండి ఇరుసు ఒకసారి చూచుకొనుడు’ అని మర్యాదగా చెప్పుడు. నలుగురు అట్లు చెప్పినచో అతడు తప్పక చూచుకొనును. దానివలన మీ పలక తిన్ననగును. బండి నెట్టువాడు సాయంకాలము క్షేమముగా ఇల్లు చేరును.

విద్యార్థులారా! అరుగుట ప్రతి యంత్రమునకు సహజము. అరిగినది ఏదో కొలిచి తెలిసికొనుట, బాగుపడుదానిని బాగుచేయుట, బాగుపడని దానిని నిర్భయముగా మార్చుట - ఇవి మూడును కలిసినదే మరమ్మతు. ఊహతో సుత్తి ఎత్తువాడు మిస్త్రీ కాడు. ముందు కొలబద్ద ఎత్తువాడే మిస్త్రీ.